నోటీసు వచ్చిందంటే పింఛను పోయినట్టు కాదు, ముందు ఆ 32 శాతం ఎలా వచ్చిందో అడగండి

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. మా అన్నయ్యకు 44 ఏళ్లు. రెండేళ్లప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. పాత సదరం సర్టిఫికెట్‌లో (వైకల్యం ఎంతో ప్రభుత్వ డాక్టరు రాసిచ్చేది) 55 శాతం అని ఉంది, దాంతోనే ఇన్నేళ్లూ పింఛను వచ్చింది. రీ-వెరిఫికేషన్ అని పిలిస్తే వెళ్లాడు, ఇప్పుడు 32 శాతమే ఉంది, మీరు అనర్హులు అని నోటీసు ఇచ్చారు. కాలు బాగుపడిందేమీ లేదు, పైగా ఈ మధ్య మెట్లు కూడా ఎక్కలేకపోతున్నాడు. కొన్నేళ్లుగా చెవులు కూడా సరిగా వినపడడం లేదు, ఆ సంగతి అక్కడ ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఊళ్లో ఒకాయన పదివేలిస్తే శాతం పెంచిస్తానంటున్నాడు. ఇంకొకరు ఇన్నేళ్లు తీసుకున్నదంతా వెనక్కి కట్టాలంటున్నారు. అన్నయ్య అన్నం కూడా సరిగా తినడం లేదు, మళ్లీ ఆస్పత్రికి రానంటున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా, ఆ పదివేలాయన సంగతి ముందు తేల్చేద్దాం. ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. శాతం వేసేది డాక్టరు, అది ఆన్‌లైన్‌లో ఎక్కుతుంది, ఊళ్లో కూర్చున్న మనిషి మార్చగలిగేది కాదు. ఎక్కడో దొంగ కాగితం పుట్టించి తెచ్చాడే అనుకోండి, అప్పుడు ఇరుక్కునేది ఆయన కాదు, మీ అన్నయ్య. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 91వ సెక్షన్ ఉంది, మోసం చేసి దివ్యాంగుల ప్రయోజనాలు పొందినా, పొందాలని ప్రయత్నించినా రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇప్పటివరకూ మీ అన్నయ్య ఏ తప్పూ చేయలేదు. ఆ డబ్బు ఇచ్చిన రోజున చేసినట్టవుతుంది.

పాత డబ్బు వెనక్కి కట్టాలన్న భయం కూడా దీంతో ముడిపడిందే. అప్పట్లో ప్రభుత్వ డాక్టరు పరీక్ష చేసి ఇచ్చిన సర్టిఫికెట్‌తో, ఉన్న వైకల్యానికి, పింఛను తీసుకున్నారు. ఇప్పుడు ఇంకో డాక్టరు చూసి తక్కువ వేశారు. శాతం తగ్గడం వేరు, మోసం వేరు. చట్టం శిక్షించేది మోసాన్ని. మీ చేతిలో ఉన్న నోటీసులో డబ్బు కట్టమని ఒక్క మాటైనా ఉందా? మీరు రాసినదాన్ని బట్టి లేదు. లేనప్పుడు రచ్చబండ దగ్గర ఎవరో అన్నదానికి భయపడకండి.

ఇక అసలు విషయం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను 3 వేల నుంచి 6 వేలైంది. పూర్తిగా మంచానికో వీల్‌ఛైర్‌కో పరిమితమైనవాళ్లకు 5 వేల నుంచి 15 వేలు చేశారు. మొత్తం పెరగడంతో పాటే అనర్హులు తీసుకుంటున్నారన్న మాటా గట్టిగా వినపడింది, 2025 జనవరి నుంచి రీ-వెరిఫికేషన్ మొదలైంది. ముందు 15 వేలు తీసుకునేవాళ్ల ఇళ్లకు డాక్టర్లు వెళ్లారు, తర్వాత 6 వేలు తీసుకునేవాళ్లను ఆస్పత్రులకు పిలిచారు, 2025 ఆగస్టులో నోటీసులు రావడం మొదలైంది. దొంగ సర్టిఫికెట్లు లేవని నేననను, ప్రతి మండలంలోనూ జనానికి తెలిసిన సంగతే అది. వాళ్లను ఏరేయాల్సిందే. కానీ ఆ ఏరివేతలో నిజంగా కాలు లేనివాళ్లు, కళ్లు లేనివాళ్లు, మంచం దిగలేనివాళ్లు కూడా మళ్లీ లైన్‌లో నిలబడి తమ వైకల్యాన్ని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. ఆ బాధ చిన్నది కాదు. మీ అన్నయ్య అన్నం మానేయడానికి కారణం 6 వేలు పోతాయన్న దిగులొక్కటే కాదనుకుంటాను, నేను దొంగనా అన్న బాధ. ఆయనకు ఒక మాట చెప్పండి, ఆ నోటీసులో ఆయన్ని దొంగ అని ఎవరూ అనలేదు. కొత్తగా వేసిన శాతం 40 కంటే తక్కువ అని మాత్రమే అన్నారు.

40 శాతం అనేది ఈ పింఛను కోసం పుట్టిన గీత కాదు. కేంద్ర చట్టంలోనే ఉంది, ఎక్కువ పథకాలు దాన్నే పట్టుకుంటాయి. 39 వచ్చినా, 32 వచ్చినా పింఛను విషయంలో ఒకటే. అందుకే ఈ సమయంలో మనం పట్టించుకోవాల్సింది ఆ అంకె ఎలా వచ్చిందన్నది. చాలామంది ఆఫీసుకెళ్లి మా కష్టం చూడండి సార్ అని ఏడుస్తారు, ఏడుపు రావడం సహజమే, కానీ అక్కడున్న ఉద్యోగి దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించలేడు. ఈ విధానంలో శాతం అంటే బాధకు కొలత కాదు, ఒక లెక్క. లెక్కలో తప్పుంటే, లేదా లెక్కలోకి రావాల్సింది రాకపోతే, అది చూపించి అడగాలి. మీ విషయంలో రెండోది స్పష్టంగా కనపడుతోంది. చెవుల సంగతి లెక్కలోకే రాలేదు.

ఆ లెక్క ఎలా ఉంటుందో కొంచెం ఓపికగా చదవండి, ఆస్పత్రిలో ఇదే పనికొస్తుంది. కేంద్రం 2018 జనవరిలో నోటిఫై చేసి 2024 మార్చిలో సవరించిన మార్గదర్శకాల ప్రకారం డాక్టర్లు శాతం వేస్తారు. కాలు విషయంలో రెండు భాగాలు చూస్తారు. ఒకటి కదలిక, అంటే కీళ్లు ఎంతవరకు వంగుతున్నాయి, కండరాల్లో బలం ఎంత మిగిలింది. రెండోది నిలకడ. దీనికి తొమ్మిది పనులు ఉంటాయి, ఒక్కోదానికి 10 చొప్పున మొత్తం 90. చదునుగా ఉన్నచోట నడవడం, ఏటవాలులో నడవడం, మెట్లెక్కడం, రెండు కాళ్ల మీద నిలబడడం, దెబ్బతిన్న కాలి మీద నిలబడడం, గొంతుకు కూర్చోవడం, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, మోకాళ్ల మీద నిలబడడం, నడుస్తూ మలుపు తిరగడం. కాలు పొట్టిగా ఉంటే దానికీ వేరే లెక్కుంది, మొదటి అరంగుళానికి ఏమీ ఇవ్వరు, ఆ తర్వాత ప్రతి అరంగుళానికి 4 శాతం.

ఇప్పుడు మీరొక పని చేయండి. ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి, మీరూ అన్నయ్యా కూర్చుని ఈ తొమ్మిదీ ఒక్కొక్కటే చూడండి. గొంతుకు కూర్చోగలడా? కూర్చుంటే గోడ పట్టుకోకుండా లేవగలడా? ఎడమ కాలి మీద ఒక్క క్షణమైనా నిలబడగలడా? మెట్లెక్కేటప్పుడు చేత్తో తొడ పట్టుకుని కాలిని పైకి లాక్కుంటాడా? కాగితం మీద రాసుకోండి. ఆస్పత్రిలో ఇవన్నీ నిజంగా చేయించి చూశారా, లేక రెండడుగులు నడవమని చెప్పి సరే వెళ్లు అన్నారా అన్నది ఆయన్ని అడగండి. ఆ రోజు జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకుంటే అప్పీల్లో వాడుకోవచ్చు.

ఇంకో మాట, ఇది మీ అన్నయ్యకే సూటిగా చెబుతున్నాను. నలభై ఏళ్లు ఒక కాలితో బతికినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది, ఎవరైనా అడిగితే బాగానే నడుస్తానండీ అంటారు. జాలి ఇష్టం ఉండదు. ఆస్పత్రికి వెళ్లే రోజు నొప్పి మాత్ర వేసుకుని, మంచి ప్యాంటు వేసుకుని, కర్ర ఇంట్లో వదిలేసి, పళ్లు బిగబట్టి నిటారుగా నడిచి చూపిస్తారు. డాక్టరు చూసేది ఆ రెండు మూడు నిమిషాలే, ఆయనకు కనపడింది రాస్తాడు. లేనిది నటించమని నేను చెప్పను, డాక్టర్లకు ఆ తేడా ఇట్టే తెలుస్తుంది. ఉన్నది దాచొద్దు అంటున్నాను, అంతే. రోజూ కర్ర వాడితే కర్రతోనే వెళ్లండి. కాలిపర్, అంటే కాలికి ఊతంగా కట్టుకునే పట్టీ ఉంటే పెట్టుకుని వెళ్లండి, పరీక్షప్పుడు తీయమంటే తీయండి. మడమ ఎత్తు పెంచిన చెప్పు వాడుతుంటే అదే వేసుకెళ్లండి. చేయలేని పని చేయమంటే, చేయలేనండీ అని నోరు తెరిచి చెప్పండి.

ఈ మధ్య మెట్లెక్కలేకపోతున్నాడని రాశారు, ఆ వాక్యం దగ్గర నేను ఆగాను. పోలియో ఎప్పుడో వచ్చి పోయింది, ఇక అక్కడితో సరి అనుకుంటాం గానీ, అలా వచ్చినవాళ్లలో కొందరికి పదిహేను, ఇరవై, నలభై ఏళ్ల తర్వాత కూడా కండరాల్లో కొత్తగా నీరసం, అలసట, కీళ్ల నొప్పులు మొదలవుతాయి. వైద్యంలో దీన్ని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. ఇన్నాళ్లూ భారమంతా మోసిన కుడికాలు కూడా అలిసిపోయి ఉండొచ్చు. పింఛను సంగతి పక్కనపెట్టి కూడా ఆర్థో డాక్టరుకో, నరాల డాక్టరుకో ఒకసారి చూపించండి. చూపించినప్పుడు ఓపీ చీటీ, వాళ్లు రాసిన మాటలు జాగ్రత్తగా దాచండి. కాలు బాగుపడలేదు, ఇంకా పాడైంది అని మీరు నోటితో చెప్పడం వేరు, ప్రభుత్వాస్పత్రి చీటీలో ఉండడం వేరు.

ఇక చెవులు. సదరంలో స్లాట్ ఏ విభాగానికి ఇస్తే ఆ డాక్టరే చూస్తారు. మీ అన్నయ్య సర్టిఫికెట్ కాలిది కాబట్టి ఆర్థో డాక్టరు దగ్గరికి పంపించి ఉంటారు, ఆయన చెవి చూడరు. కానీ ఒకే మనిషికి రెండు రకాల వైకల్యం ఉన్నప్పుడు రెండూ కలిపి లెక్కించే పద్ధతి మార్గదర్శకాల్లోనే ఉంది. వినికిడికి ముందు రెండు చెవులకూ ఆడియోమెట్రీ, అంటే ఎంత వినపడుతోందో కొలిచే పరీక్ష చేస్తారు. బాగా వినపడే చెవి శాతాన్ని ఐదుతో గుణించి, తక్కువ వినపడే చెవి శాతాన్ని దానికి కలిపి, మొత్తాన్ని ఆరుతో భాగిస్తారు. ఉదాహరణకి ఒక చెవిలో లోపం 15 శాతం, రెండో చెవిలో 45 శాతం అనుకోండి. 15 ఐదులు 75, దానికి 45 కలిపితే 120, ఆరుతో భాగిస్తే 20. వినికిడి లోపం 20 శాతం అన్నమాట. ఒక్క చెవి పూర్తిగా పోయి రెండోది నిక్షేపంగా ఉంటే ఈ లెక్కలో 17 కూడా రాదు, ఆ సంగతి కూడా తెలిసి ఉండాలి.

కాలిది 32, చెవిది 20, మొత్తం 52 అని కూడిక చేయరు. పెద్ద అంకెను అలాగే ఉంచుతారు. 90లోంచి ఆ పెద్ద అంకె తీసేస్తే 58. చిన్న అంకె 20ని ఈ 58తో గుణించి 90తో భాగిస్తే దాదాపు 13. 32కి 13 కలిపితే 45 దగ్గరికి వస్తుంది. గీత దాటింది చూశారా. మీ అన్నయ్యకు ఇదే వస్తుందని నేను మాట ఇవ్వడం లేదు, చెవి పరీక్ష చేయకుండా ఎవరూ చెప్పలేరు. కానీ కాలు ఒక్కటే చూసి అనర్హుడు అనడం సగం లెక్క. పూర్తి లెక్క చేయమని అడిగే హక్కు ఆయనకుంది. ఈ ఉత్తరం చదువుతున్న మిగతావాళ్లు కూడా ఇది చూసుకోండి, ఒక కన్ను పోయి రెండో కన్ను బాగున్నవాళ్లకు 30 శాతమే వేస్తారు, దాంతో పింఛను రాదు. అలాంటివాళ్లకు చేతిలోనో కాలిలోనో ఇంకో లోపం ఉంటే, అది ఎప్పుడూ ఎక్కడా నమోదు కాకపోతే, ఇప్పుడైనా చెప్పుకోవాలి.

అప్పీలు ఎలా అంటే, పల్లెల్లో అయితే ఎంపీడీవో ఆఫీసులో, టౌన్లో అయితే మున్సిపల్ కమిషనర్ ఆఫీసులో. ముందు మీ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ను కలవండి, నోటీసు వాళ్ల ద్వారానే వచ్చి ఉంటుంది, ఫారం, స్లాట్ సంగతి వాళ్లకు తెలుసు. నోటీసులో అప్పీలుకు గడువు రాసి ఉంటుంది, మీరు ఈ సమాధానం చదివేవరకు ఆగినందుకే నాకు కంగారుగా ఉంది, రేపే వెళ్లండి. ఒకవేళ గడువు ఒకటి రెండు రోజులు దాటినా ఇంట్లో కూర్చోకండి, ఆలస్యానికి కారణం ఒక వాక్యం రాసి ఇచ్చేయండి. నోటితో చెప్పి రావద్దు. కాగితం ఇచ్చి, రెండో కాపీ మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి. ఎవరైనా అవసరం లేదమ్మా, మేం చూసుకుంటాం అంటే, ఫర్వాలేదండీ ఒక సంతకం పెట్టండి అని నిలబడండి. తర్వాత ఎక్కడికి వెళ్లినా ఆ ముద్ర ఉన్న కాగితమే అడుగుతారు.

అర్జీలో కథంతా రాయకండి. మీ అన్నయ్య పేరుతో, ఇలా ఉంటే చాలు: నా పింఛను ఐడీ ఇది, ఫలానా తేదీన నోటీసు అందింది. నాకు చిన్నప్పుడు పోలియో వల్ల ఎడమ కాలికి వైకల్యం ఉంది, దానితోపాటు రెండు చెవుల్లోనూ వినికిడి లోపం ఉంది. రీ-వెరిఫికేషన్‌లో కాలు మాత్రమే చూశారు, వినికిడి పరీక్ష చేయలేదు. కాలు పరిస్థితి కూడా ఈ మధ్య ఇంకా దెబ్బతింది, ఆ చీటీలు జత చేశాను. కాబట్టి రెండు వైకల్యాలనూ మళ్లీ పరీక్షించి కలిపి శాతం నిర్ణయించాలని, అప్పీలు తేలేవరకు పింఛను ఆపవద్దని కోరుతున్నాను. కింద సంతకం లేదా వేలిముద్ర. పాత సదరం సర్టిఫికెట్, కొత్తది, నోటీసు, ఆధార్, ఆస్పత్రి చీటీలు, అన్నీ జిరాక్సులే ఇవ్వండి. ఒరిజినల్స్ ఎవరి చేతిలోనూ పెట్టి రావద్దు.

అప్పీలు వేశాక మళ్లీ పరీక్షకు తేదీ ఇస్తారు. ఆ తేదీకి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లాలి. రానంటున్నాడని రాశారు గదా, నిజంగా దెబ్బతీసేది అదే. పిలిచినప్పుడు వెళ్లకపోతే పరీక్షకు రాలేదని రాసుకుని పింఛను ఆపేస్తారు, అప్పుడు మన వాదన వినిపించడానికి చోటే ఉండదు. జ్వరమో, ఇంకేదో వచ్చి నిజంగా వెళ్లలేకపోతే ముందురోజే సచివాలయంలో రాసిచ్చి వేరే తేదీ అడగండి. ఆయనతో మీరు తోడు వెళ్లండి. చెవి సరిగా వినపడని మనిషి డాక్టరు అడిగింది సగం విని, తలాడించి వచ్చేసి ఉంటాడు, పోయినసారి కూడా అదే జరిగిందేమో. లోపలికి మిమ్మల్ని రానివ్వకపోతే, ఆయనకు వినపడదు, కాస్త గట్టిగా అడగండి అని గుమ్మం దగ్గరే చెప్పండి.

పరీక్ష తర్వాత కూడా 40 లోపే వస్తే? రావచ్చు, దాన్ని దాచి మీకు ఆశ పెట్టడం నాకిష్టం లేదు. అప్పుడు కారణం రాతపూర్వకంగా ఇమ్మని అడగండి, అర్హత లేదన్నప్పుడు ఎందుకు లేదో రాసివ్వాలని వికలాంగుల హక్కుల నియమాల్లోనే ఉంది. ఏ భాగానికి ఎంత వేశారో చూపించే కాగితం ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి, తెల్ల రేషన్ కార్డు వాళ్లకు ఫీజు లేదు. సర్టిఫికెట్ మీద అభ్యంతరం ఉంటే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చని వికలాంగుల హక్కుల చట్టంలో 59వ సెక్షన్ చెబుతోంది. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే అర్జీల కార్యక్రమంలో ఇవ్వచ్చు, జిల్లాలో పింఛన్ల పని చూసేది డీఆర్‌డీఏ (జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ) కాబట్టి అది వాళ్లకే వెళుతుంది. ఇంకా అవసరమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. చాలామందికి తెలియదు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

రేపు కాలు గానీ చెవి గానీ ఇంకా దెబ్బతింటే మళ్లీ స్లాట్ బుక్ చేసుకుని కొత్తగా పరీక్ష చేయించుకోవచ్చు, ఒకసారి తక్కువ వచ్చిందని జీవితాంతం దారి మూసుకుపోదు. సర్టిఫికెట్ చేతికొచ్చినప్పుడు దాని మీద పర్మనెంట్ అని ఉందా, టెంపరరీ అని ఉందా చూసుకోండి. టెంపరరీ అయితే ఏ తేదీ వరకు చెల్లుతుందో ఉంటుంది, ఆ తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి, దానికి ముందే స్లాట్ తీసుకోవాలి. పోలియో కాలికి టెంపరరీ అని ఇస్తే మాత్రం ఎందుకని అడగండి, మెరుగయ్యే అవకాశం ఉన్నవాటికి ఇచ్చేది అది.

యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగులకు కేంద్రం ఇచ్చే గుర్తింపు కార్డు గురించి కూడా చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే చెబుతాను. 2024 అక్టోబర్‌లో నియమాలు మార్చారు. ఇప్పుడు కార్డు రంగును బట్టి శాతం తెలుస్తుంది, 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. సర్టిఫికెట్ ఇవ్వడానికి ఆస్పత్రికి ఉన్న గడువును నెల నుంచి మూడు నెలలు చేశారు. అప్లికేషన్ పెట్టి రెండేళ్లు దాటినా ఏమీ తేలకపోతే అది దానంతటదే మూసుకుపోతుంది, మళ్లీ పెట్టుకోవాలి. కాబట్టి ఎప్పుడో పెట్టాం, వస్తుందిలే అని వదిలేసినవాళ్లు ఆ కార్డుల వెబ్‌సైట్ అయిన స్వావలంబన్ పోర్టల్‌లో ఒకసారి చూసుకోండి. యూడీఐడీ పేరు చెప్పి ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాళ్లకు ఏమీ చెప్పకండి. తెలుపు రంగు యూడీఐడీ కార్డు వస్తే పింఛను రాదు, నిజమే, కానీ వైకల్యం ఉందన్న గుర్తింపు పోదు.

తెలంగాణలో ఉన్నవాళ్లకు 2023 జులైలో ఆసరా కింద 4,016 అయింది, ఆ పింఛనునే తర్వాత చేయూత అన్నారు. మొత్తం వేరు గానీ పైన చెప్పిన కాలు, చెవి లెక్కలు దేశమంతటికీ ఒకటే, రీ-వెరిఫికేషన్ అని పిలిచినా, కొత్తగా సర్టిఫికెట్‌కు వెళ్లినా ఇవే పనికొస్తాయి.

ఈలోగా 1వ తేదీన పింఛను పంచేటప్పుడు అన్నయ్య ఇంటి దగ్గరే ఉండేలా చూడండి. నోటీసు వచ్చింది కదా, ఎలాగూ ఇవ్వరులే అని కూలికో, చుట్టాలింటికో వెళ్లిపోకండి. ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో ఆ రోజే సచివాలయంలో అడిగి, అర్జీ కాపీ చూపించండి. ఆస్పత్రిలో ఉండో, ఊళ్లో లేకో ఒకటి రెండు నెలలు తీసుకోకపోయినా, తర్వాతి నెలలో కలిపి ఇచ్చే ఏర్పాటు 2024 చివర్లో వచ్చింది, కాబట్టి పరీక్షల కోసం తిరిగే రోజుల్లో 1వ తేదీ తప్పిందని కంగారు పడక్కర్లేదు.

అన్నయ్య ఆడియోమెట్రీ రిపోర్టు వచ్చాక అందులో రెండు చెవులకూ వేసిన శాతాలు, కొత్త ఆర్థో శాతం నాకు రాయండి. కలిపి ఎంత రావాలో లెక్క కట్టి చెబుతాను, డాక్టర్లు వేసినదానితో సరిపోతుందో లేదో మీరే చూసుకోవచ్చు.